నాలుగు విస్కీలు పక్కపక్కన పెడితే అన్నీ ఒకటే ఘాటు. తేడా పట్టుకునేదెట్ల?

పెన్నాగట్టు (అనంతపురం):

అన్నలారా, మేం నలుగురం, అందరం ముప్పై దాటినవాళ్లమే. నెలకొకసారి కూర్చొని విస్కీని సరిగ్గా రుచి చూడటం, ఏది ఎందుకు బాగుందో చెప్పగలగడం నేర్చుకోవాలని ఆశ. ఇప్పుడు చేతిలో ఉన్నవి నాలుగు సీసాలు: 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న దేశీ బ్లెండెడ్ ఒకటి, మన దేశపు సింగిల్ మాల్ట్‌లు (మొలకెత్తిన బార్లీతో ఒకే డిస్టిలరీలో చేసినవి) ఇంద్రి ట్రిని (46 శాతం), అమృత్ ఫ్యూజన్ (50 శాతం), స్కాట్లాండ్‌ది లఫ్రోయిగ్ పదేళ్లది.

గ్లాసు ముక్కు దగ్గర పెడితే ముందు స్పిరిట్ గుప్పుమని ముక్కు మండుతోంది. లఫ్రోయిగ్ పొగ తప్ప మిగతా మూడింటిలో తేడా ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో చెప్పలేకపోతున్నాం. ఒకరు ఎండుద్రాక్ష అంటే మిగతా ముగ్గురూ అవును ఎండుద్రాక్షే అంటారు. అది నిజమో మొహమాటమో అర్థం కావట్లేదు.

అడగాల్సినవి: బయట 41, 42 డిగ్రీలు ఉంటోంది, ఐస్ వేయొచ్చా? నీళ్లు కలపాలా, ఎంత? మా బోరు నీళ్లు ఉప్పన. ముందు ఏది, తర్వాత ఏది? నంజుకోవడానికి ఏం పెట్టుకోవాలి? మార్కులు ఎట్ల వేయాలి? గ్లాసులు మామూలు విస్కీ గ్లాసులే, అడుగు వెడల్పువి.

తుంగభద్ర_మాల్ట్ (కర్నూలు):

తమ్ముడూ, ముందు గ్లాసు మార్చు. ఆ వెడల్పు గ్లాసు ఐస్ వేసుకొని తాగడానికి చేసింది. వాసన చూడాలంటే అడుగు ఉబ్బి మూతి సన్నగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు 2001లో ఈ పని కోసమే వచ్చింది. దొరకకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. బ్రాందీకి వాడే పెద్ద బుడ్డ గ్లాసు మాత్రం వద్దు, ఆల్కహాల్ ఆవిరిని పోగుచేసి ముక్కుకే కొడుతుంది. కడిగాక సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో తొలిచి, బోర్లించి గాలికి ఆరబెట్టు. గుడ్డతో తుడిస్తే గుడ్డ వాసన అంటుతుంది. ఆ పూట గదిలో అగరుబత్తి, దోమల చుట్ట, ఫినాయిల్, అత్తరు ఏవీ ఉండకూడదు.

ఇక ఎండ. మీ ఊళ్లో సగం సమస్య అదే. విస్కీ వేడెక్కేకొద్దీ మిగతా వాసనలకంటే ముందు ఆల్కహాల్ లేస్తుంది. 38 డిగ్రీల గదిలో పోసిన 50 శాతం ఫ్యూజన్ ముక్కుని మండించక ఏం చేస్తుంది? గ్లాసులోది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. ఏసీ గది ఉంటే సీసాలు, గ్లాసులు, నీళ్లు మూడూ రెండు గంటల ముందే అక్కడ పెట్టేయండి. ఏసీ లేకపోతే సీసాని మెడదాకా కుండనీళ్ల బకెట్లో అరగంట నిలబెట్టండి. ఫ్రిజ్ వద్దు, ఐస్ వద్దు. చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి, నాలుక మొద్దుబారుతుంది, పైగా ఐస్ కరిగేకొద్దీ నీళ్లు ఎంత కలిశాయో లెక్క ఉండదు. తాగి ఆనందించడానికి ఐస్ వేసుకుంటే తప్పేం లేదు. బేరీజు వేసే పూట మాత్రం వద్దు.

గ్లాసుకి 15 మి.లీ. చాలు. నాలుగు కలిపి 60, అంటే ఒక లార్జ్. అంతకు మించితే చివరి గ్లాసు మీద మీ మాటకు విలువ ఉండదు. కొలవడానికి మందుల షాపులో సూది లేని 10 మి.లీ. సిరంజి తెచ్చుకోండి. ఉమ్మడానికి తలా ఒక లోటా పెట్టుకోండి. రుచి చూడటంలో ఉమ్మడం మామూలే. బండి నడపాల్సినవాళ్లు ఉమ్మినా సరే బండి తీయకూడదు, నోటి పొర కొంత పీల్చుకుంటుంది.

పోసిన వెంటనే ముక్కు పెట్టొద్దు. పది నిమిషాలు వదిలేస్తే పైపైన ఉన్న ఘాటు తగ్గుతుంది. తర్వాత గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకొని, నోరు కొంచెం తెరిచి, చిన్నచిన్నగా రెండు మూడు సార్లు పీల్చి దించేయండి. వైన్‌లా గిరగిరా తిప్పితే ఆల్కహాల్ లేచి కూర్చుంటుంది. కాస్త కాస్తగా దగ్గరికి తేండి. ముక్కు మొద్దుబారితే మోచేతి మడతలో మీ చర్మాన్నే వాసన చూడండి. కాఫీ గింజలకంటే ఇదే నయం, కాఫీది మళ్లీ ఇంకో బలమైన వాసన.

మొదటి గుక్క నోటిని సిద్ధం చేయడానికే, దాని మీద తీర్పు చెప్పొద్దు. రెండో గుక్క 2, 3 మి.లీ. తీసుకొని, పది పదిహేను సెకన్లు నాలుక మీద, చిగుళ్ల పక్కన తిప్పి, మింగిగానీ ఉమ్మిగానీ, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసనే. నోట్లో ఎంతసేపు నిలిచిందో అరనిమిషం తర్వాత ఒకసారి, రెండు నిమిషాల తర్వాత ఒకసారి రాసుకోండి. చివర్లో మిగిలేది చేదా, తీపా, పొగా అన్నది మొదటి గుక్కకంటే ఎక్కువ చెబుతుంది.

నంజు గురించి. మిరపకాయ బజ్జీ, కారం శెనక్కాయలు, నాటుకోడి వేపుడు ముందు ముట్టుకోవద్దు. మిరపలోని కాప్సైసిన్ ఏ నరాల గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల చుట్టుపక్కల వేడికి లేస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఒంటి వేడికే లేస్తుంది. అందుకే కారం తిన్న నోట్లో 43 శాతం విస్కీ కూడా నిప్పులా తోస్తుంది, ఆ మంటని విస్కీ లోపంగా రాసేస్తాం. రుచి చూడటానికి రెండు గంటల ముందు నుంచీ కారం, వక్కాకు, సిగరెట్ బంద్. మధ్యలో ఉప్పులేని బ్రెడ్డు ముక్క, నీళ్లు. పని అయ్యాక రాగిసంగటి, ఊరుబిండి ఏం కావాలన్నా తినండి.

కడపబండ (కడప):

పై అన్న చెప్పినవన్నీ సరే. నేను సీసాల గురించి చెబుతా. మీ నాలుగు సీసాలూ మంచివే గానీ నేర్చుకోవడానికి ఒక వరుసలో కూర్చోవు. ధాన్యం వేరు, పీపా వేరు, పొగ వేరు, శాతం వేరు. అన్నీ ఒకేసారి మారితే ఏ వాసన దేనివల్ల వచ్చిందో ఎట్ల తెలుస్తుంది? ఒక పూటకి ఒక్కటే మారాలి.

ఉదాహరణకి పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ తెలుసుకోవాలంటే అమృత్ మామూలు సింగిల్ మాల్ట్, అమృత్ పీటెడ్ పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే డిస్టిలరీవి, రెండూ 46 శాతం. ముఖ్యమైన తేడా, మొలకెత్తిన బార్లీని పీట్ పొగమీద ఆరబెట్టడం. అట్లనే పాల్ జాన్ బ్రిలియన్స్, ఎడిటెడ్, బోల్డ్: గోవాలో ఒకే చోట తయారవుతాయి, మూడూ 46 శాతమే, మొదటిదాంట్లో పొగ లేదు, రెండోదాంట్లో కొంచెం, మూడోదాంట్లో బాగా. ఒక సాయంత్రానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. సీసాలకి సీసాలు కొనలేకపోతే చిన్న సీసాలు చూడండి, నలుగురు పంచుకుంటే భారం కాదు. బెంగళూరు దగ్గరే గానీ వేరే రాష్ట్రం నుంచి తెచ్చేముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కొని తేండి.

ఇప్పుడున్న నాలుగింటితోనే చేయాలంటే వరుస ఇది: దేశీ బ్లెండెడ్, ఇంద్రి, ఫ్యూజన్, లఫ్రోయిగ్. మామూలుగా తక్కువ శాతం నుంచి ఎక్కువ శాతానికి పోతాం. కానీ పొగ ఆ నియమాన్ని మించుతుంది. లఫ్రోయిగ్ ఫ్యూజన్‌కంటే పలచనే అయినా దాని తర్వాత ఏది తాగినా లఫ్రోయిగే తెలుస్తుంది. ఫ్యూజన్‌లో కూడా మన దేశపు బార్లీతో పాటు స్కాట్లాండ్ పీటెడ్ బార్లీ కొంత ఉంది కాబట్టి అది మూడోది.

లేబుల్ చదవడం నేర్చుకోండి. స్కాచ్‌కి 2009 నిబంధనల ప్రకారం ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు, సీసాలో కనీసం 40 శాతం ఉండాలి. సీసా మీద 12 అని ఉంటే అందులో కలిసిన అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అన్నమాట. మన 42.8 శాతం అంటే పాత లెక్కలో 75 డిగ్రీల ప్రూఫ్, దాన్నే లేబుల్ మీద 25 యూ.పీ. (అండర్ ప్రూఫ్, అంటే నూరు ప్రూఫ్‌కి 25 తక్కువ) అని రాస్తారు. దేశీ బ్లెండెడ్‌లలో చాలావాటికి ఆధారం న్యూట్రల్ స్పిరిట్ (వాసన, రుచి దాదాపు లేని ఆల్కహాల్), అది మొలాసిస్‌ది (చెరకు మడ్డిది) కావచ్చు, ధాన్యానిది కావచ్చు. దానికి మాల్ట్ కలుపుతారు. మొలాసిస్ స్పిరిట్ ఉన్నదాన్ని యూరప్‌లో విస్కీగా ఒప్పుకోరు. దాన్ని సింగిల్ మాల్ట్‌తో పోల్చి తక్కువ మార్కులు వేయడం న్యాయం కాదు, అదే ధరలోని ఇంకో బ్లెండెడ్‌తో పోల్చండి.

వయసుని చూసి మోసపోవద్దు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరవుతుంది, బెంగళూరులో అది 10 నుంచి 12 శాతం. ఆ వేడికి చెక్క సారం త్వరగా దిగుతుంది. మన మాల్ట్ నాలుగైదేళ్లకే ముదురుగా ఉండటానికి కారణం అదే. అట్లని వాళ్ల పన్నెండేళ్లకి మన నాలుగేళ్లు సమానమని లెక్క కట్టకూడదు. చెక్క త్వరగా దిగుతుంది గానీ, నెమ్మదిగా గాలి తగిలి వచ్చే మెత్తదనం అంత వేగంగా రాదు. మన మాల్ట్‌లో చివర్న కొంచెం చెక్క చేదు, నాలుక పిడచగట్టినట్టు ఉందేమో చూడండి. రంగుని అసలే నమ్మొద్దు. స్కాచ్‌లో కూడా ఈ150ఏ అనే కారమెల్ రంగు కలపొచ్చు.

పెన్నాగట్టు (అనంతపురం):

చాలా ఉపయోగం అన్నా. నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, చెర్రీ, ప్లమ్, హెదర్ పూలు అని ఇంటర్నెట్‌లో రాసినవి మేం ఎప్పుడూ వాసన చూసినవి కావు. అవి ఎట్ల పట్టుకోవాలి?

చీనీతోట (తాడిపత్రి):

హెదర్ పూలు మీరు పట్టుకోవాల్సిన పని లేదు. మీ ముక్కుకి తెలిసిన పేరు పెట్టండి, కాకపోతే ప్రతిసారీ అదే వాసనకి అదే పేరు ఉండాలి. దానికి సాధన చేయాలి. మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు పన్నెండు తీసుకొని కాగితం చుట్టి, అడుగున పేరు రాసి, తలా ఒక చెంచా చొప్పున ఇవి వేయండి: బెల్లం, ఎండుకొబ్బరి, లవంగం, చీనీకాయ తొక్క, బాగా మాగిన అరటి, వేయించిన శెనక్కాయలు, ఎండుద్రాక్ష, ఖర్జూరం, తేనె, వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు, టింక్చర్ అయోడిన్ చుక్క వేసిన దూది, పొయ్యిలో సగం కాలిన కట్టె. పండ్లు, తొక్కలు ఏ రోజుకారోజు మార్చాలి. కళ్లు మూసుకొని పేరు చెప్పండి. ఆశ్చర్యంగా ఉంటుంది, లవంగం, అరటి కూడా కంటికి కనబడకపోతే వెంటనే నోటికి రావు. వారం రోజులు రోజుకి ఐదు నిమిషాలు చేస్తే మాట దొరకడం మొదలవుతుంది.

ఇవి ఊరికే ఎంచినవి కావు. అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్, పులియబెట్టేటప్పుడు ఈస్ట్ తయారుచేసేది. అది ఎక్కువుంటే ఆ విస్కీ స్పిరిట్ దశలోనే పండ్ల గుణం తెచ్చుకుందని అర్థం. ఎండుకొబ్బరి ఓక్ చెక్కలోని లాక్టోన్ల నుంచి వస్తుంది, అమెరికన్ ఓక్‌లో అవి ఎక్కువ, అంటే బర్బన్ (అమెరికా విస్కీ) పీపా అని అనుమానించొచ్చు. వెనిల్లా చెక్కలోని లిగ్నిన్ విరిగి వస్తుంది. లవంగం కూడా చెక్కదే, యూజినాల్. ఎండుద్రాక్ష, ఖర్జూరం షెర్రీ (స్పెయిన్ వైన్) పీపా వైపు చూపిస్తాయి. ఇంద్రి ట్రినిలో బర్బన్, ఫ్రెంచ్ వైన్, పీఎక్స్ అనే తీపి షెర్రీ మూడు పీపాలూ ఉన్నాయి, అందుకే మీవాడు ఎండుద్రాక్ష అని ఉంటే ఊరికే అని ఉండడు. కట్టెపొగ వాసన గ్వాయకాల్ లాంటి ఫినాల్స్ అనే రసాయనాలది. లఫ్రోయిగ్‌లోని ఆసుపత్రి వాసన కూడా అదే కుటుంబం, దానికి టింక్చర్ సీసా దగ్గరి గుర్తు.

లోపాల గుర్తులు కూడా నేర్చుకోండి. గోళ్ల రంగు వాసన బలంగా ఉంటే ఇథైల్ ఎసిటేట్ మోతాదు మించింది. ఆరిన అగ్గిపుల్ల, ఉడికిన క్యాబేజీ వాసన గంధకానిది, కొంతమందికి షెర్రీ విస్కీలో కొంచెం ఉంటే ఇష్టమే. తడిసిన అట్టపెట్టె వాసన బెరడు మూత చెడిపోవడం వల్ల. ఒక్క ప్రమాదం మాత్రం ఏ ముక్కూ పట్టలేదు: కల్తీలో ఉండే మిథనాల్ వాసనకీ రుచికీ మామూలు ఆల్కహాల్‌లాగే తోస్తుంది. కాబట్టి సీలు, ఎక్సైజ్ లేబుల్ సరిచూడకుండా ఎవరిదో లూజు సరుకు రుచి చూడొద్దు.

తుంగభద్ర_మాల్ట్ (కర్నూలు):

నీళ్లు మరిచిపోయాను, నిజమే. బోరు నీళ్లు వద్దు, మన వైపు సున్నం, ఉప్పు ఎక్కువ, రుచి మారిపోతుంది. మున్సిపల్ నీళ్లలో బ్లీచింగ్ వాసన ఉంటుంది. ఆర్వో నీళ్లుగానీ సీలు సీసా నీళ్లుగానీ గది వేడికి తెచ్చి వాడండి.

ముందు నీళ్లు లేకుండా వాసన, రుచి రాసుకోవాలి. తర్వాతే కలపాలి. 50 శాతం ఫ్యూజన్ 15 మి.లీ.కి దాదాపు 4 మి.లీ. నీళ్లు పోస్తే 40 శాతానికి దిగుతుంది. 46 శాతానికైతే 2 మి.లీ. చాలు, దాదాపు 40కి వస్తుంది. లెక్క సులువు: ఉన్న మి.లీ.ని ఉన్న శాతంతో హెచ్చించి, కావాల్సిన శాతంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది. 42.8, 40 శాతం వాటికి నాలుగైదు చుక్కలకంటే అవసరం లేదు. వృత్తిగా బ్లెండింగ్ చేసేవాళ్లు వాసన కోసం 20 శాతం దాకా పలచన చేస్తారు. లోపాలు పట్టడానికి అది మంచి పద్ధతి, మీరూ చివర్న చేసి చూడండి.

తుంగా_పెన్నా (నంద్యాల):

అన్నా, కొత్తవాళ్లని 20 శాతం ఆల్కహాల్ దాకా పలచన చేయనివ్వొద్దు, ముందే ఆపాలి. నీళ్లు ఎందుకు పనిచేస్తాయో చూస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో కంప్యూటర్ నమూనాతో చూపించారు: ఆల్కహాల్ ఎక్కువగా, 59 శాతం పైన ఉంటే పొగ వాసన గ్వాయకాల్ అణువుల్ని అది చుట్టేసి లోపలే ఉంచుతుంది. పలచనైతే అవి పైకి తేలి ముక్కుకి అందుతాయి. ఇది ఒక వైపు. రెండో వైపు, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ 2023 అధ్యయనంలో మొత్తంలో ఐదో వంతు దాకా నీళ్లు ఉన్నంతవరకు తేడాలు తెలిశాయి, అంతకు మించితే ఒకే రకం విస్కీలు ఒకదానికొకటి దగ్గరైపోయాయి. అంటే 20 మి.లీ. విస్కీకి 5 మి.లీ. నీళ్లు హద్దు. మీ పని లోపం పట్టడం కాదు, తేడా పట్టడం. కాబట్టి అక్కడ ఆగండి.

నాకు దీనికంటే ముఖ్యమనిపించేది మీ మొహమాటం సంగతి. రుచి చూసేటప్పుడు మాట్లాడకూడదు. ఎవరి కాగితం వాళ్లు నింపి, బోర్లించాకే నోరు తెరవాలి. ఇంకా, ఏ గ్లాసులో ఏముందో తెలియకూడదు. ధర తెలిసినా, సీసా కనబడినా, ముదురు రంగు కనబడినా మనసు ముందే తీర్పు రాసేస్తుంది. ఒకరు వేరే గదిలో పోసి, గ్లాసులకి 417, 852 లాంటి అంకెలు అంటించి తేవాలి. 1, 2, 3 అని రాస్తే మొదటిది గొప్పదేమో అనిపిస్తుంది. రంగు కనబడకుండా గ్లాసు చుట్టూ కాగితం చుట్టండి. పొగవి తీసేస్తే మిగతావాటి వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా మార్చండి, మొదటి గ్లాసుకి నోరు తాజాగా ఉంటుంది కాబట్టి దానికి లాభం ఎక్కువ.

తేడా నిజంగా తెలుస్తోందా అని పరీక్షించడానికి మూడు గ్లాసుల పద్ధతి ఉంది. రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది, తలా 5 మి.లీ. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. అందుకే ఆరు సార్లు చేయాలి, రెండు పూటలుగా, చాలావరకు ఉమ్మేస్తూ. ఆరింటిలో ఐదు సరిగ్గా చెబితే తేడా తెలుస్తోందని నమ్మొచ్చు, అది ఊరికే తగలడానికి నూటికి రెండు వంతుల అవకాశం కూడా లేదు. నాలుగైతే నమ్మకం చాలదు, నూటికి పదిసార్లు అదృష్టంతోనే అంతగానీ అంతకు మించిగానీ వస్తుంది.

మార్కులకి వాసన, రుచి, చివరి నిలకడ, మొత్తం పొందిక, ఒక్కోదానికి 25 అని వేసుకునే పద్ధతి ఉంది. వాడండి, కానీ ఒక షరతు. ప్రతిసారీ ఒకే విస్కీని రెండు అంకెలతో రెండు గ్లాసుల్లో దాచి పెట్టాలి. దానికి మీరే ఒకసారి 84, ఒకసారి 79 వేశారనుకోండి, మీ చేతి ఊగిసలాట ఐదు మార్కులు. అప్పుడు వేరే రెండు సీసాల మధ్య మూడు మార్కుల తేడాకి అర్థం లేదు, రెండూ సమానమని రాసుకోవాలి. ఇది చేయకుండా వందకి ఇన్ని అని రాసే మార్కుల్ని నేను నమ్మను, ఎంత పెద్ద పేరున్నవాళ్లు రాసినా సరే. నచ్చింది, నచ్చలేదు అన్నది వేరే గడిలో రాయండి. పొగ నచ్చనివాడు కూడా లఫ్రోయిగ్ బాగా చేసిన విస్కీ అని ఒప్పుకోగలగాలి.

పెన్నాగట్టు (అనంతపురం):

దాచి పెట్టే గ్లాసు ఆలోచన చాలా నచ్చింది, ఈసారి అట్లనే చేస్తాం. చివరిగా ఒకటి: తెరిచిన సీసాలు నెలల తరబడి ఉంటాయి. ఇంట్లో ఎండకి చెడిపోతాయా? ఫ్యూజన్ మూత తీస్తే బెరడు పొడి రాలుతోంది.

కడపబండ (కడప):

నిలబెట్టే ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బెరడుని తినేస్తుంది. మన ఎండకి బెరడు ఎండి విరగడం మామూలే. నెలకొకసారి సీసాని ఒక్క క్షణం వంచి బెరడు తడిపి మళ్లీ నిలబెట్టండి. విరిగితే విస్కీని కాఫీ ఫిల్టర్ కాగితంలోనుంచి వేరే శుభ్రమైన సీసాలోకి వడకట్టండి, రుచికేం కాదు.

ఇనుప బీరువా, అటక, వంటగది వద్దు. కింది అంతస్తులో, ఎండ పడని గోడకి, బండపరుపు అల్మరాలో పెట్టండి. ఎండ తగిలితే రంగుతో పాటు వాసన కూడా మారుతుంది. సగానికి పైన ఉన్న సీసా ఏడాదికి పెద్దగా మారదు. మూడో వంతుకి తగ్గితే లోపలి గాలి పని మొదలుపెడుతుంది, ముందు పొగ, పండ్ల వాసనలు పలచబడతాయి. అప్పుడు 180 మి.లీ. ఖాళీ క్వార్టర్ సీసాని వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, మెడదాకా నింపి మూత బిగించండి. సీసా మీద పేరు, శాతం, తెరిచిన తేదీ రాసిన కాగితం అంటించండి. పొగ విస్కీ పోసిన సీసాలో ఇంకోటి పోయొద్దు, ఎంత కడిగినా ఆ మూతకి వాసన ఉంటుంది.